ప్రీమియర్ పద్మిని పునరుద్ధరణ

ప్రీమియర్ పద్మిని పునరుద్ధరణ అనగా పాతబడి మూలపడిన ఫియట్ 1100 వంశపు కార్లను విడదీసి, తుప్పు తొలగించి, అరిగిన భాగములను మార్చి, తిరిగి నడుచు స్థితికి తెచ్చు పని. ఇటలీలోని టురిన్ నగరమునకు చెందిన ఫియట్ సంస్థ రూపొందించిన ఈ కారును ముంబైలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ లిమిటెడ్ భారతదేశములో తయారు చేసినది. ఇటలీలో ఇది సామాన్య కుటుంబముల కారు. భారతదేశములో మాత్రము, ఉత్పత్తిపై ప్రభుత్వ నియంత్రణ ఉన్న దశాబ్దములలో, పేరు నమోదు చేయించుకొని ఏళ్ళ తరబడి వేచి కొనవలసిన విలాస వస్తువు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వంటి తీరప్రాంతములలో ఉప్పుగాలి, తుఫానుల వలన ఈ పనికి కొన్ని ప్రత్యేక జాగ్రత్తలు అవసరము.

చరిత్ర

ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థను 1944లో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించెను. 1950 దశకపు ఆరంభములో ఈ సంస్థ ఫియట్ కార్ల కూర్పు మొదలుపెట్టినది. 1954లో ఫియట్ 1100, 1964లో 1100 డిలైట్ వెలువడినవి. ఫియట్‌తో ఒప్పందము ముగిసిన తరువాత ఇదే కారు 1972లో ప్రీమియర్ ప్రెసిడెంట్ అనియు, 1974 నుండి చిత్తోడు రాణి పేరు మీద ప్రీమియర్ పద్మిని అనియు పిలువబడినది. 2000 ప్రాంతము వరకు దీని ఉత్పత్తి సాగినది. ముంబై నలుపు-పసుపు ట్యాక్సీలుగా ఈ కార్లు ప్రసిద్ధి చెందినవి. 20 సంవత్సరముల వయోపరిమితి కారణముగా 2023 అక్టోబరు చివర అక్కడ ట్యాక్సీలుగా వీటి వాడకము ముగిసినది.

నిర్మాణము

ఇంజన్ ముందుభాగములో నిలువుగా అమర్చిన నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్. సిలిండరు వ్యాసము 68 మి.మీ., పిస్టను కదలిక 75 మి.మీ., మొత్తము ఘనపరిమాణము 1089 ఘ.సెం.మీ.; శక్తి సుమారు 40 అశ్వశక్తి. సిలిండర్ల దిమ్మ పోత ఇనుముతోను, పైనున్న హెడ్ అల్యూమినియముతోను చేయబడినవి. నాలుగు గేర్లు కలవు. చాలా నమూనాలలో గేరు కడ్డీ స్టీరింగు కిందనే ఉండును. ముందు చక్రములకు కాయిల్ స్ప్రింగులు, వెనుక చక్రములకు పట్టీ స్ప్రింగులు, నాలుగు చక్రములకు డ్రమ్ము బ్రేకులు ఉండును. ఈ కారుకు లారీకి వలె విడి ఛాసిస్ లేదు. అడుగు రేకు, పక్క దూలములు, పైకప్పు అన్నియు కలిసి ఒకే పెట్టెగా బరువు మోయును. కనుక ఇందులో తుప్పు అందమునకు సంబంధించిన సమస్య మాత్రమే కాదు, కారు బలమునకు సంబంధించిన సమస్య.

తీరప్రాంతపు సమస్యలు

ఆంధ్ర ప్రదేశ్‌లో అన్నిటికన్నా పొడవైన తీరరేఖ శ్రీకాకుళం జిల్లాది. కళింగపట్నం, బారువ, భోగాపురం వంటి చోట్ల గాలిలోని ఉప్పు తేమను పట్టి ఉంచి, రేకు మీద పలుచని ఉప్పునీటి పొరగా నిలిచి తుప్పును వేగవంతము చేయును. అల్యూమినియము, ఇనుము తాకు చోట ఇదే పొర విద్యుత్ ఘటము వలె పనిచేసి అల్యూమినియమును తినివేయును.

రెండవ ప్రమాదము వరదలు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరము దాటిన హుద్‌హుద్ తుఫాను, 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతములో తీరము దాటిన తిత్లీ తుఫాను ఉత్తరాంధ్రలో తీవ్ర నష్టము కలిగించినవి. నీట మునిగిన కారును ఆరిన వెంటనే స్టార్టు చేయరాదు. నీరు గాలి వలె కుదించుకొనదు. సిలిండరులో నీరు ఉండగా ఇంజన్ తిప్పిన కనెక్టింగ్ రాడ్లు వంగిపోవును. ముందు బ్యాటరీ తీగలు విప్పి, ఇంజన్, గేర్‌బాక్సు, వెనుక ఇరుసులలోని నూనె దింపి చూడవలెను. నూనె మజ్జిగ రంగులో ఉన్నచో నీరు చేరినట్లు. ఉప్పునీరు తగిలిన కారును మంచినీటితో కడిగి ఆరబెట్టిన తరువాతనే మిగిలిన పని మొదలుపెట్టవలెను.

పనికి ముందు

మొదట రిజిస్ట్రేషను పత్రములోని ఇంజన్, ఛాసిస్ సంఖ్యలను కారు మీది సంఖ్యలతో పోల్చి చూడవలెను. అవి కలవని కారుపై ఎంత ఖర్చు పెట్టినను రోడ్డు మీదకు తెచ్చుట కష్టము. తరువాత స్క్రూడ్రైవరు మొనతో అడుగు రేకును, తలుపుల కింది దూలములను, జాకీ పెట్టు చోట్లను, డిక్కీలో స్టెప్నీ గుంటను పొడిచి చూడవలెను. రంగు పైకి బాగున్నను మొన లోపలికి దిగినచో అక్కడ రేకు మిగలలేదని అర్థము.

ప్రతి భాగము విప్పుటకు ముందు ఫొటో తీసి, బోల్టులను విడివిడి డబ్బాలలో పేరు రాసి ఉంచవలెను. ఇళ్ళలో మొదలైన పునరుద్ధరణలు మధ్యలో ఆగిపోవుటకు ఒక సాధారణ కారణము, విప్పిన భాగములు ఎక్కడివో తెలియకపోవుట. కారు కింద పనిచేయునపుడు జాకీని మాత్రమే నమ్మక, గట్టి స్టాండ్లు పెట్టవలెను. మూసిన షెడ్డులో ఇంజన్ నడపరాదు.

బాడీ పని

తుప్పుపై పుట్టీ పూసి రంగు వేసిన కారు ఒక్క వర్షాకాలములో తిరిగి బుడగలెత్తును. చెడిన రేకును మంచి రేకు కనబడు వరకు కోసి, అదే మందపు కొత్త రేకు వెల్డింగు చేయించుట సరియైన పద్ధతి. రెండు వైపుల దూలములను ఒకేసారి కోయరాదు. కోసిన పెట్టె కుంగి తలుపులు మూతపడవు. ఒక వైపు పూర్తి చేసి, తలుపు మూసి సందు సరిచూసుకొని రెండవ వైపునకు వెళ్ళవలెను. వెల్డింగుకు ముందు పెట్రోలు ట్యాంకును తప్పనిసరిగా దింపవలెను. ఖాళీ ట్యాంకులోని ఆవిరి నిండు ట్యాంకు కన్నను ప్రమాదకరము.

టింకరింగ్ అయిన తరువాత జింకు ప్రైమరు, దానిపై రంగు వేయుదురు. దూలముల లోపలి వైపున మైనపు పూత చల్లనిచో శ్రమ వృథా. రంగు పనికి డిసెంబరు నుండి మార్చి వరకు గాలి పొడిగా ఉండు కాలము అనుకూలము. వానాకాలములో వేసిన రంగు కింద తేమ నిలిచి తెల్లబడును.

ఇంజన్, ఇంధనము

ఏళ్ళుగా కదలని ఇంజన్‌ను సెల్ఫ్ మోటారుతో బలవంతముగా తిప్పరాదు. ప్లగ్గులు తీసి, ప్రతి సిలిండరులో కొద్దిగా నూనె పోసి, ఒకటి రెండు రోజులు ఆగి చేతితో తిప్పి చూడవలెను. తిరిగిన పిమ్మట కంప్రెషన్ కొలిచినచో ఏ సిలిండరు అరిగినదో తెలియును. అరుగుదల ఎక్కువైనచో లేత్ పనివారి వద్ద బోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయుదురు.

ఈ ఇంజన్‌కు ప్రధాన శత్రువు వేడి. అల్యూమినియము హెడ్ ఒక్కసారి అతిగా వేడెక్కిననూ వంగి, గ్యాస్కెట్టు కాలి, నీరు నూనెలో కలియును. కనుక రేడియేటరు, వాటర్ పంపు, గొట్టములు బాగుచేయనిదే దూరప్రయాణము చేయరాదు. మామూలు బోరు నీటికి బదులు కూలెంటు వాడిన లోపలి తుప్పు తగ్గును. హెడ్ బోల్టులను మధ్య నుండి అంచులకు, విడతలుగా, టార్క్ రెంచితో బిగించవలెను.

నేటి పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. అది తేమను పీల్చుకొనును. పాత రబ్బరు గొట్టములను, కార్బురేటరులోని రబ్బరు భాగములను మెత్తబరచును. అందుచేత ఇథనాలును తట్టుకొను గొట్టములు వేయించి, కారు నిలిపి ఉంచునపుడు ట్యాంకులో పాత పెట్రోలు మిగల్చకుండుట మంచిది.

బ్రేకులు

పునరుద్ధరణలో ఖర్చు తగ్గించుకొనరాని భాగము ఇదియే. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొని పైపులను లోపలి నుండి తుప్పు పట్టించును. ఒకే వలయముగా పైపులున్న పాత నమూనాలలో ఒక్క గొట్టము పగిలినను నాలుగు చక్రముల బ్రేకులు ఒకేసారి పోవును. కావున మాస్టర్ సిలిండరు, చక్రముల సిలిండర్ల రబ్బర్లు, గొట్టములు అన్నిటిని మార్చవలెను. ఇంజన్ నూనె గాని కిరోసిను గాని ఈ రబ్బర్లకు తగలరాదు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చును కనుక డ్రమ్ములోని దుమ్మును గాలితో ఊదక తడిగుడ్డతో తుడవవలెను.

విడిభాగములు

కోల్‌కతాలోని మల్లిక్ బజార్, చెన్నైలోని పుదుపేట పాత కార్ల విడిభాగములకు పేరుపొందిన వాడలు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు హౌరా-చెన్నై రైలుమార్గముపై ఉన్నందున రెండు చోట్లకును రైలులో చేరవచ్చును. బేరింగులు, ఆయిల్ సీళ్ళు అంతర్జాతీయ ప్రమాణ కొలతలలో ఉండుట వలన సంఖ్య చూపి స్థానిక దుకాణములలోనే తీసుకొనవచ్చును. బుష్షులు, పిన్నులు లేత్ మీద చేయించుకొనవచ్చును. దొరకనివి క్రోమ్ అంచులు, దీపముల అద్దములు, డాష్‌బోర్డు భాగములు. అందుచేత విరిగినవైనను వీటిని పారవేయరాదు.

రిజిస్ట్రేషను

మోటారు వాహనముల చట్టము, 1988 ప్రకారము సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును. పిమ్మట తనిఖీ చేయించి 5 సంవత్సరములకొకసారి పొడిగించుకొనవలెను. ఏపీ-30 (శ్రీకాకుళం), ఏపీ-35 (విజయనగరం) సంఖ్యలు గల పాత కార్లు అవే సంఖ్యలతో కొనసాగును. 2019 నుండి కొత్త వాహనములకు రాష్ట్రమంతటా ఏపీ-39 ఇచ్చుట మొదలైనది.

50 సంవత్సరములు దాటిన వాహనములకు 2021లో కేంద్ర ప్రభుత్వము వింటేజి నిబంధనలు చేసినది. వీటికి ‘వీఏ’ అక్షరములు గల ప్రత్యేక సంఖ్య ఇచ్చెదరు. రుసుము రూ.20,000, గడువు 10 సంవత్సరములు. అయితే అట్టి కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు మాత్రమే రోడ్డుపై నడపవలెను. పైగా బాడీ, ఛాసిస్, ఇంజన్లలో పెద్ద మార్పులు జరిగి ఉండరాదు. పాత ఇంజన్ తీసి వేరొక కంపెనీ డీజిల్ ఇంజన్ బిగించిన కార్లు ఈ హోదాకు అర్హము కావు. కావున ఇంజన్ మార్చుట నేడు చవకగా తోచినను, తిరిగి సరిదిద్దలేని నిర్ణయము. నిత్యము నడపదలచినవారు సాధారణ రిజిస్ట్రేషనునే పొడిగించుకొనుట మేలు.

ఇవి కూడా చూడండి

ఫియట్
హిందుస్థాన్ అంబాసిడర్
ప్రీమియర్ 118 ఎన్.ఇ.
తిత్లీ తుఫాను