మెయిల్ కొట్టు... ఫ్యాక్స్ పట్టు!

మీకు తెలుసా? ఫ్యాక్స్ టెలిఫోన్ కన్నా 33 ఏళ్లు పెద్దది! స్కాట్లాండ్‌కు చెందిన, గడియారాలు చేసుకునే అలెగ్జాండర్ బెయిన్ 1843లోనే దానికి పేటెంట్ పుచ్చుకున్నాడు. గ్రాహంబెల్ ఫోను పేటెంట్ 1876 నాటిది. అంటే తమ్ముడు పుట్టకముందే అన్నగారు కాగితాలు పంపే ఏర్పాట్లలో ఉన్నారన్నమాట!

సొంత కంపెనీ పెట్టుకునే వ్యాపారి కాదు, జియోవాన్ని కసెల్లి అనే క్రైస్తవ పాదరీ 1865లో ప్యారిస్, లియోన్ నగరాల మధ్య ఫ్యాక్స్ సర్వీసు నడిపించాడు. యంత్రం మనిషికన్నా ఎత్తు, ఒళ్లంతా పోత ఇనుము! దానితో ఎక్కువగా పంపిందేమిటో? బ్యాంకు సంతకాలు. అనుమానం అప్పటికీ ఇప్పటికీ ఒకటే!

సరే, అసలు విషయానికి వద్దాం. ఈమెయిల్ కొడితే అవతల ఫ్యాక్స్ మెషిన్‌లోంచి కాగితం బయటికి వచ్చే ఏర్పాటు ఒకటి ఎప్పుడు మొదలైందో మీకు తెలుసా? ఇంటర్నెట్ అంటే చాలామందికి ఇంకా పేరు కూడా తెలియని 1993లో! కార్ల్ మలముడ్, మార్షల్ రోజ్ అనే ఇద్దరు సరదాగా చేసిన ప్రయోగమిది. ఇద్దరూ కలిసి దాన్ని ‘దూరపు ప్రింటింగ్’ అన్నారు. ప్రింటరేమో ఏదో ఊరివారి ఫ్యాక్స్ మెషిన్!

ఇక చిరునామా చూడండి, కళ్లు తిరుగుతాయి. ఫ్యాక్స్ నెంబరును వెనకనుంచి ముందుకు, ఒక్కో అంకె మధ్య చుక్క పెట్టి రాయాలి! హైదరాబాద్ నెంబరు 91 40తో మొదలవుతుంది కదా, ఆ లెక్కన చిరునామా తోక ‘0.4.1.9.టీపీసీ.ఇంట్’ అని ఉంటుంది. ఇదేం తిక్క అంటారా? ఇంటర్నెట్ పేర్లు కుడినుంచి ఎడమకు పెద్దవి నుంచి చిన్నవిగా చదువుకుంటాయి. దేశం, ఊరు, ఇల్లు... మన ఫోను నెంబరును తిరగేస్తే సరిగ్గా ఆ వరసకు సరిపోయింది. తిక్క కాదు, తెలివే!

ఇంకా విడ్డూరం: బిల్లు ఎవరు కట్టారు? ఎవరూ కట్టలేదు! ఒక్కో ఊళ్లో ఒక్కో వాలంటీరు తన కంప్యూటరు, తన మోడెం పెట్టి, ఆ చుట్టుపక్కల నెంబర్లకు లోకల్ కాల్ చేసేవాడు. అమెరికాలో చాలాచోట్ల లోకల్ కాల్ ఉచితం. ఖర్చు లేని ఫ్యాక్స్! పోస్టుమాన్‌కి సైకిల్ కూడా తనదే, జీతమేమో సున్నా!

టీపీసీ అంటే ఏమిటో మీకు తెలుసా? ‘ది ఫోన్ కంపెనీ’! 1967 నాటి హాస్యచిత్రం ‘ది ప్రెసిడెంట్స్ అనలిస్ట్’లో మనిషి బుర్రల్లోనే ఫోన్లు దించాలని కుట్ర పన్నే విలన్ సంస్థ అదే. ఫోన్ కంపెనీల లాభాలకు చిల్లు పెట్టే ప్రయోగానికి ఫోన్ కంపెనీ విలన్ పేరు! ఇంజనీర్లకు హాస్యం లేదని ఎవరన్నారండీ?

అన్నట్టు, తిరగేసిన నెంబర్ల గొడవ తర్వాత తీరిపోయింది. 1998లో వచ్చిన పద్ధతిలో ‘ఫ్యాక్స్=’ అని రాసి, నెంబరు వరసగానే కొట్టి, @ గుర్తు, ఆపై సర్వర్ పేరు పెడితే చాలు. హమ్మయ్య!

ఇంతకీ ఆ సర్వర్ లోపల ఏం చేస్తుందో మీకు తెలుసా? మీ మెయిల్‌ను, దానికి తగిలించిన ఫైలును అడ్డంగా సరిగ్గా 1,728 చుక్కలుగా మార్చేస్తుంది. టిఫ్ అనే బొమ్మ ఫైలు చేసి, మోడెంకి అప్పజెప్పి, నెంబరు డయల్ చేయిస్తుంది. మీ ఆఫీసుకి ఫైబర్ కనెక్షన్ ఉంటే మాత్రం ఏం? మోడెమ్‌లు రెండూ పరిచయాలు చేసుకునేది సెకనుకు 300 బిట్ల వేగంతో! ఎడ్లబండి కూడా నవ్వుతుంది!

ఆ ‘కుయ్’మనే రాగానికి కొలతలున్నాయి తెలుసా? పిలిచే మెషిన్ 1,100 హెర్ట్జ్‌తో కూస్తుంది, ఎత్తిన మెషిన్ 2,100 హెర్ట్జ్‌తో బదులిస్తుంది. మీరు పొరపాటున ఫోనెత్తితే మీ చెవిలో కూసిందే ఇది. మెషిన్ల వరసలో మనం అపస్వరం!

తెల్ల గీత పంపడానికి ఎన్ని బిట్లు పడతాయి? ఊహించండి. 1,728 తెల్ల చుక్కలు... కేవలం 17 బిట్లు! అందుకే ఖాళీ ఎక్కువున్న ఉత్తరం చకచకా పోతుంది. రంగుల ఫోటో పంపారా? అది కాస్తా నల్లచుక్కల ఇసుక తుఫానుగా మారి, నిమిషాలు మింగుతుంది. పెళ్లి ఫోటో ఫ్యాక్స్ చేయకండి, వధూవరులు గుర్తుపట్టరు!

ఈ సర్వర్ పని ఉచితంగా చేసే ‘హైలాఫ్యాక్స్’ సాఫ్ట్‌వేరును రాసింది సామ్ లెఫ్లర్. ఆ టిఫ్ బొమ్మలు చదివే ‘లిబ్‌టిఫ్’ కూడా ఆయన చేతి పనే. కాగితం తనే, కలం తనే!

మరి వెనక్కి రావడం? అంటే మీకొచ్చిన ఫ్యాక్స్ మెయిల్‌గా దిగడం? ఆ పనికే 1995లో జేఫ్యాక్స్ కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకరు జర్మన్ రాక్ గాయకుడు జే ముల్లర్, ఇంకొకరు ప్రసిద్ధ ‘బీచ్ బాయ్స్’ బృందానికి ఒకప్పటి మేనేజరు జాక్ రైలీ! కచేరీలకు ఊళ్లు తిరిగేవాడికి ఫ్యాక్స్ ఏ హోటల్‌కి రమ్మనాలి? అవసరం పాట పాడించింది!

చందమామ ఫోటోలు ఫ్యాక్స్‌లో దిగాయని మీకు తెలుసా? 1966 ఫిబ్రవరిలో రష్యా వారి లూనా-9 చంద్రుడి మీద దిగి సంకేతాలు పంపింది. ఇంగ్లండ్‌లోని జోడ్రెల్ బ్యాంక్ అబ్జర్వేటరీ శాస్త్రవేత్తలు విన్నారు: ఇది ఫ్యాక్స్ కూత కదా! ‘డైలీ ఎక్స్‌ప్రెస్’ పత్రిక దగ్గర మెషిన్ అప్పు తెచ్చి తగిలించారు. రష్యా వారు అచ్చువేయకముందే బొమ్మ బ్రిటన్ పేపర్లో! ఇంత ఖరీదైన ఫ్యాక్స్ ఉంటుందా?

ఇక నేలకు దిగితే, ఇంటర్నెట్ ఫోన్ల మీద ఫ్యాక్స్ చెడిపోవడానికి కారణం మనిషి గొంతే! మాటల్ని కుదించే పద్ధతులు మనిషి గొంతుకు తగ్గట్టు తయారయ్యాయి, మోడెం కూతల్ని చిత్తుచిత్తు చేస్తాయి. అందుకని టీ.38 అనే వేరే పద్ధతి పుట్టించాల్సి వచ్చింది. యంత్రాలకు దుబాసీ!

2018లో చెక్‌పాయింట్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పరిశోధకులు వట్టి ఫ్యాక్స్ నెంబరుతోనే, ఒక మాయదారి బొమ్మ పంపి, హెచ్‌పీ ఆల్-ఇన్-వన్ ప్రింటరును తమ చెప్పుచేతల్లోకి తెచ్చుకుని చూపించారు. అక్కడినుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి దారి! ముందు గుమ్మానికి తాళం వేసి పెరటి తలుపు తెరిచి పెట్టినట్టే.

అదే ఏడాది ఇంగ్లండ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో లెక్క తీస్తే దాదాపు 9,000 ఫ్యాక్స్ మెషిన్లు తేలాయి. దాంతో 2019 జనవరి నుంచి కొత్తవి కొనొద్దన్నారు. రోగులకన్నా మెషిన్లకే ముందు డిశ్చార్జి!

జపాన్‌లో మాత్రం 2021లో మంత్రి తారో కోనో ‘శాఖల్లో ఫ్యాక్స్ మానేయండి’ అంటే, వందలాది అభ్యంతరాలు వచ్చిపడ్డాయి. అవి ఫ్యాక్స్‌లో వచ్చాయా అని అడగాలనిపించట్లేదూ?

మన దేశంలో అదే ఫ్యాక్స్ ఒక సాయంత్రం రాజకీయమే నడిపింది. 2018 నవంబరు 21న జమ్మూ కశ్మీర్‌లో పార్టీ నాయకురాలు మెహబూబా ముఫ్తీ పంపబోయిన ప్రభుత్వ ఏర్పాటు లేఖ రాజ్‌భవన్‌కు ఫ్యాక్స్‌లో వెళ్లలేదు. ఆమెకు పోటీగా మరో నేత సజ్జాద్ లోన్ తన లేఖను వాట్సాప్‌లో పంపారు. గవర్నరు అదే రాత్రి అసెంబ్లీ రద్దు చేశారు. పండగ సెలవు, ఫ్యాక్స్ దగ్గర ఎవరూ లేరన్నది ఆయన జవాబు. ఫ్యాక్స్ మిగిలింది కానీ, మన టెలిగ్రామ్‌కేమో 2013 జులైలోనే వీడ్కోలు చెప్పేశాం!

చివరగా, అమెరికాలో అడక్కుండా వ్యాపార ఫ్యాక్స్ పంపితే ఒక్కో ఫ్యాక్స్‌కు 500 డాలర్ల పరిహారం అడగొచ్చు. కావాలనే చేసినట్టు తేలితే 1,500 డాలర్ల దాకా. 1991 నాటి చట్టం! అన్నట్టు, మీ మెయిల్ కింద ‘ప్రింట్ తీసే ముందు పర్యావరణం గురించి ఆలోచించండి’ అని ఉంటే, సర్వర్ దాన్ని కూడా అక్షరం పొల్లుపోకుండా అవతలి కాగితం మీద అచ్చేసి పంపుతుంది!