ఖాళీ సీటుకు టికెట్‌ ఎవరు కొంటారు?

శివరాత్రి వస్తోందంటే చాలు... నల్లమల ఘాట్‌రోడ్డు మీద బస్సు వెనక బస్సే! ఆర్టీసీ వందలకొద్దీ స్పెషళ్లు వేస్తుంది. అయినా కాలు పెట్టడానికి సందుండదు. పదిరోజుల్లో ఉత్సవాలు అయిపోతాయి, భక్తులు ఇళ్లకు చేరతారు. ఆ తర్వాత ఓ మామూలు మంగళవారం పొద్దున సున్నిపెంటలో నలుగురు కూలీలు, ఇద్దరు పిల్లలు, ఆసుపత్రికి బయల్దేరిన ఓ ముసలమ్మ రోడ్డు పక్కన నిలబడతారు. మరి ఆ ఏడుగురి కోసం బస్సెవరు వేస్తారు?

సున్నిపెంట శ్రీశైలం ప్రాజెక్టు కోసం పుట్టిన ఊరు. 1963లో నెహ్రూ డ్యామ్‌కు శంకుస్థాపన చేశాక ఇంజినీర్లు, కార్మికులు కాపురాలు పెట్టారు. డ్యామ్‌ పూర్తయింది, ఊరు మిగిలింది. గుడి దగ్గర దుకాణాల్లో, సత్రాల్లో పనిచేసే చాలామందికి ఇల్లు ఇక్కడే. గుడికీ ఊరికీ మధ్య పదమూడు, పద్నాలుగు కిలోమీటర్లు. దగ్గర్లో రైలు లేదు. మార్కాపురం రోడ్‌ స్టేషన్‌కి వెళ్లాలన్నా ముందు అడవి దాటాలి.

2022 ఏప్రిల్‌ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది. సున్నిపెంట అందులోకే వచ్చింది. అయితే జిల్లా కేంద్రానికి దూరం నూట యాభై కిలోమీటర్లకు పైనే. అందులోనూ ఓ తమాషా ఉంది. సొంత జిల్లా కలెక్టర్‌ ఆఫీసుకు వెళ్లాలంటే పొరుగు జిల్లాలోని దోర్నాల మీదుగా తిరిగి, ఆత్మకూరు చేరి, అక్కణ్నుంచి నంద్యాల వెళ్లాలి. పులుల అభయారణ్యం కాబట్టి దోర్నాల దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు పడిపోతుంది. ఆలోపు కొండెక్కని బస్సు ఇక రేపే!

ఒకే చట్టం... రెండు మాటలు

ఈ ఊళ్లోకి బస్సులు రావని కాదు. హైదరాబాద్‌ నుంచి వచ్చేవి డ్యామ్‌ దాటి ఇటే వస్తాయి. ఆత్మకూరు, మార్కాపురం లాంటి డిపోల బస్సులూ కొండెక్కుతాయి. కానీ వాటి వేళలు యాత్రికులవి. బడి గంటకో, దుకాణం తెరిచే వేళకో సరిపోవాలని రూలేమీ లేదు.

అందుకు ఆర్టీసీని తిట్టేయడం సులువు. ముందు లెక్క చూద్దాం. లీటరు డీజిలుకు బస్సు అయిదు కిలోమీటర్లు నడుస్తుందనుకుందాం. ఘాట్‌లో అంత కూడా రాదేమో! పద్నాలుగు కిలోమీటర్లకు లీటరు 97 రూపాయల లెక్కన దాదాపు 270 రూపాయలు. పదిమంది ఎక్కి తలా ఇరవై ఇచ్చారనుకున్నా వచ్చేది 200. డ్రైవరు జీతం, కండక్టరు జీతం, టైర్లు, పన్ను... వాటి దాకా వెళ్లకముందే నష్టం. లాభాలొచ్చే దూరప్రాంతపు సర్వీసుల డబ్బుతో ఇలాంటి పల్లె రూట్లను లాక్కురావడమే ఆర్టీసీ ఏళ్ల తరబడి చేస్తున్న పని. శ్రీశైలం వచ్చే యాత్రికుడి టికెట్టులో ఎక్కడో ఓ పల్లె బస్సు డీజిలు కూడా ఉందన్నమాట.

1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కూడా ఇక్కడే ఇరకాటంలో పెడుతుంది. ప్రజలకు చాలినన్ని బస్సులు, చవగ్గా, సమర్థంగా నడపమంటుంది ఒక సెక్షన్‌. వ్యాపార సూత్రాల మీద నడపమంటుంది ఇంకొకటి. సున్నిపెంటలో ఈ రెంటినీ ఒకే బస్సులో ఎక్కించడం డిపో మేనేజర్‌ తరమా?

ఆటోవాలా ఏమంటాడు?

బస్సు లేనిచోట ఆటో ఉంటుంది. దానికి టైంటేబుల్‌ లేదు. నిండితే కదులుతుంది. చట్టం ప్రకారమైతే ఆటో కాంట్రాక్ట్‌ క్యారేజీ. బండి మొత్తాన్ని ఒకరికి బాడుగకివ్వాలే తప్ప, దారిలో ఆపి మనిషికింతని వసూలు చేసే హక్కు స్టేజీ క్యారేజీ పర్మిట్‌ ఉన్న బస్సులదే. కానీ రాష్ట్రంలో సగం ఊళ్లు షేర్‌ ఆటోల మీదే బతుకుతున్నాయని పోలీసులకూ తెలుసు, రవాణా శాఖకూ తెలుసు.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చింది. పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్‌ దాకా అయిదు రకాల బస్సుల్లో రాష్ట్ర మహిళలకు జీరో టికెట్‌. ఆ డబ్బు ప్రభుత్వం ఆర్టీసీకి కట్టాలి. ఒక్కమాటలో చెప్పాలంటే, ఖాళీ సీటుకు సర్కారే ప్రయాణికుడు! చాలా ఇళ్లలో నెలఖర్చు తగ్గింది నిజమే. అయితే అంతర్రాష్ట్ర సర్వీసుల్లో అది చెల్లదు. హైదరాబాద్‌ బస్సెక్కిన సున్నిపెంట ఇల్లాలు మామూలుగా టికెట్‌ కొనుక్కోవాల్సిందే. అయినా ఉచితం అనుకున్నంత మాత్రాన రాని బస్సు వస్తుందా ఏమిటి?

గిరాకీ తగ్గిందని ఆటోవాళ్లు రోడ్డెక్కారు. 2025 అక్టోబరు 4న ప్రభుత్వం ఒక్కో డ్రైవరుకు 15 వేలు ఇచ్చింది. 2019లో మొదలైన వాహనమిత్ర కింద ఇచ్చింది ఏడాదికి 10 వేలు. పదిహేను వేలను 365 రోజులకు పంచితే రోజుకు 41 రూపాయలు. ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్‌ ఖర్చుల్లో కొంత గట్టెక్కుతుందేమో గానీ నిండని ఆటోను కదిలించేంత సొమ్ము కాదది.

ఇంకెవరు కడతారు?

కేరళ 2022 జులైలో ‘గ్రామవండి’ మొదలుపెట్టింది. బస్సు, సిబ్బంది, మరమ్మతులు అక్కడి ఆర్టీసీవి. డీజిలు ఖర్చు స్థానిక సంస్థలది. ఏ వీధి మీదుగా, ఎన్ని గంటలకు పోవాలో చెప్పే హక్కు కూడా డీజిలు పోసినవాళ్లదే. మన తిరుమలలో అయితే కొండమీద తిరిగే ధర్మరథాలు భక్తులకు ఉచితం. ఆ బాధ్యత దేవస్థానానిది. డబ్బు పెట్టేవాళ్లు వేరువేరు, సూత్రం ఒకటే... బస్సు అవసరమైన చోటే ఎవరో ఒకరు లోటు పూడ్చడం.

సున్నిపెంట చుట్టూ కూడా అలాంటి చేతులు లేకపోలేదు. పక్కనే 770 మెగావాట్ల కుడిగట్టు జలవిద్యుత్‌ కేంద్రం. కొండమీద ఏటా లక్షలమంది వచ్చే దేవస్థానం. చెంచుగూడేల కోసమే ఏర్పడ్డ ఐటీడీఏ. 2024 నవంబరులో విజయవాడ నుంచి శ్రీశైలానికి సీప్లేన్‌ను సైతం ప్రయోగాత్మకంగా దించి చూశారు! అదంతా బాగుంది కానీ, పొద్దున బడివేళకో బస్సు, రాత్రి గేటు పడేలోపు పనివాళ్లను ఇల్లు చేర్చే బస్సు దానికన్నా ముందు రావాల్సింది. గుడికీ ఊరికీ మధ్య రోజుకు రెండుసార్లు రాకపోకలంటే, పైలెక్క ప్రకారం డీజిలుకు 1,080 రూపాయలు. నెలకు 32 వేల పైచిలుకు.