అల్లనేరేడు మరకలో కరెంటు

వానలు మొదలైన రోజుల్లో ధారూర్‌లో కొన్న అల్లనేరేడు పండ్లు నా తెల్లచొక్కా మీద పెట్టిన మరక రెండు ఉతుకులకూ పోలేదు. ఇలా గట్టిగా అంటుకునే రంగే ఒక రకం సౌరఘటానికి ప్రాణం.

తెల్ల పెయింటులో ఉండే టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రాన్లను మోయగలదు. కానీ ఎండలో అతినీలలోహిత భాగాన్ని తప్ప దేన్నీ పట్టుకోదు. 1991లో స్విట్జర్లాండులోని లోజాన్‌లో బ్రయన్ ఓ'రీగన్, మైఖేల్ గ్రెట్జెల్ ఆ పొడిని స్పాంజిలాంటి పల్చటి పొరగా చేసి, దాని లోపలి గోడలన్నిటికీ వెలుగును పట్టే రుథేనియం రంజకాన్ని, అంటే రంగుపదార్థాన్ని, పట్టించారు.

వెలుగు పడగానే రంజకంలో ఒక ఎలక్ట్రాన్ పైమెట్టు ఎక్కుతుంది. వదిలేస్తే పదుల నానోసెకన్లలో కిందికి దిగిపోయి, తెచ్చుకున్న శక్తిని వేడిగానో వెలుగుగానో పోగొట్టుకుంటుంది. కానీ పక్కనే టైటానియం డయాక్సైడ్‌లో కాస్త దిగువన ఖాళీ మెట్టు ఉంది. చాలావరకు పికోసెకను గడవకముందే, అంటే సెకనులో లక్షకోటో వంతు లోపే, ఎలక్ట్రాన్ అందులోకి దూకేస్తుంది. రంజకం ధనావేశంతో మిగులుతుంది. ఈ రెండూ మళ్లీ కలిస్తే కరెంటు లేనట్టే. అయితే కలవడానికి మైక్రోసెకన్ల నుంచి మిల్లీసెకన్ల దాకా పడుతుంది. అంతకు ముందే ఘటంలో నింపిన ద్రావణంలోని అయొడైడ్ తన ఎలక్ట్రాన్ ఇచ్చి రంజకం లోటు పూడుస్తుంది. టైటానియం డయాక్సైడ్ నుంచి బయటి తీగలోకి వెళ్లి పని చేసి వచ్చిన ఎలక్ట్రాన్ అవతలి పలక దగ్గర అయొడైడ్ అప్పు తీరుస్తుంది.

సిలికాన్ పలకలో వెలుగును పట్టేదీ, ఆవేశాన్ని మోసేదీ ఒకే పదార్థం. విడదీసేది లోపలి విద్యుత్ క్షేత్రం. ఇక్కడ ఎవరి పని వారిది, విడదీసేది వేగాల్లో తేడా. ఆకుపచ్చని ఆకు చేసేదీ దాదాపు ఇదే. నన్ను ఈ ఘటం వైపు లాగింది ఈ పోలికే.

ఇందులో మనవాళ్ల చేయి చిన్నది కాదు. 10 శాతం సామర్థ్యం చూపిన 1993 నాటి ప్రసిద్ధ పరిశోధన పత్రానికి మొదటి రచయిత ఉస్మానియాలో డాక్టరేటు చేసిన మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్. హైదరాబాద్ తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో ఎల్. గిరిబాబు బృందం లోజాన్‌ వారితో కలిసి, ఖరీదైన రుథేనియం అక్కరలేని జింక్ థాలోసయనిన్ రంజకాన్ని 2007లో ప్రకటించింది. దాని సామర్థ్యం 3 శాతమే, కానీ అది ఎరుపుకు అవతలి వెలుగును కూడా పట్టింది.

నేరేడు రంగులోని ఆంథోసయనిన్ కూడా టైటానియం డయాక్సైడ్‌కు అంటుకుంటుంది. సామర్థ్యం సాధారణంగా ఒక్క శాతం దాటదు, అయినా మల్టీమీటరు ముల్లు కదులుతుంది. కరెంటు ప్రవహించే గాజుపలకలు రెండు, కాల్చిన టైటానియం డయాక్సైడ్ పూత, నేరేడు రసం, పెన్సిలు గ్రాఫైటు, అయొడైడ్ ద్రావణం చాలు. వికారాబాద్, తాండూర్ సైన్సు టీచర్లు ఈ నేరేడు కాలంలోనే పిల్లల చేత ఒక్కసారి చేయించాలని నా మనవి.