ఆండీస్ కొండల వికూన్యా - ఉన్ని, ఊరుమ్మడి రక్షణ, గజ్జి

పాల సంఘాల పత్రికలో పాలు పితకని జంతువు గురించి యెందుకని సభ్యులు అడగవచ్చు. ఊరంతా ఉమ్మడిగా కాపాడుకుంటూ, ఉమ్మడిగా ఫలం తీసుకుంటున్న అడవి జంతువు యిది. దాన్ని యిప్పుడు పీడిస్తున్న జబ్బు మన కొట్టాల్లోనూ కనిపించే గజ్జి. అందుకే యీ నాలుగు మాటలు రాస్తున్నాము.

దక్షిణ అమెరికాలో ఒంటె కుటుంబానికి చెందినవి నాలుగు రకాలున్నాయి. లామా, అల్పాకా పెంపుడువి. గ్వానాకో, వికూన్యా అడవివి. గ్వానాకోను మచ్చిక చేయగా లామా, వికూన్యాను మచ్చిక చేయగా అల్పాకా యేర్పడ్డాయని శాస్త్రజ్ఞులు తేల్చారు. వీటికి మూపురం లేదు. ఒంటెల పూర్వీకులు ఉత్తర అమెరికాలో పుట్టి, కొన్ని ఆసియా వైపు, కొన్ని సుమారు 30 లక్షల యేళ్ళ కిందట దక్షిణానికీ వలస పోయాయి. రాజస్థాన్ ఒంటెకూ వికూన్యాకూ అలా దాయాదుల వరస.

నాలుగింటిలోనూ చిన్నది వికూన్యా. పెరిగిన జంతువు 40, 50 కిలోలకు మించదు. పెరూ, బొలీవియా, చిలీ, అర్జెంటీనా దేశాల్లో 3,200 మీటర్లకు పైన, చెట్టన్నది లేని చలి మైదానాల్లో మేస్తుంది. కొత్తవాడు అక్కడ పది అడుగులు వేస్తే రొప్పుతాడు. వికూన్యా రక్తంలోని యెర్రకణాలు గుండ్రంగా కాక కోలగా వుంటాయి. దాని హిమోగ్లోబిన్ పలుచటి గాలిలోని ప్రాణవాయువును కూడా గట్టిగా పట్టుకుంటుంది. అందువల్ల అది ఆ యెత్తులో హాయిగా పరుగెత్తగలదు.

పాడి రైతుకు ఆసక్తి కలిగించే సంగతులు యింకా వున్నాయి. యిది నెమరు వేస్తుంది గాని, ఆవుకున్నట్లు పొట్టలో నాలుగు అరలు లేవు, మూడే. కింది ముందు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే వుంటాయి గనుక గరుకు గడ్డి యెంత కొరికినా అరిగిపోవు. పాదాలకు గిట్టలకు బదులు మెత్తటి దిండ్ల వంటివి వుండడంతో బీడు చెడదు. ఆడది మన గేదెలాగా యిరవై రోజులకొకసారి యెదకు రాదు. మగదానితో కలిసిన తర్వాతే అండం విడుదలవుతుంది. చూడి కాలం సుమారు 11 నెలలు, ఈతకు ఒక్కటే పిల్ల. ఈనిన కొద్ది వారాలకే మళ్ళీ చూలు కడుతుంది. ఈనడం దాదాపు యెప్పుడూ పగటిపూటే. రాత్రి గడ్డకట్టే చలి మొదలయ్యేలోగా పిల్ల ఒళ్ళు ఆరి, లేచి నిలబడి, పాలు తాగాలి కదా!

దీని ఉన్ని పోగు మందం 12, 13 మైక్రాన్లు. ప్రపంచంలో అత్యంత సన్నని ఉన్నిలో యిదొకటి. ఇంకా చక్రవర్తుల కాలంలో వేలమంది చేయీ చేయీ పట్టుకుని కొండల మీద వలయం కట్టి, మందలను బిగించి, ఉన్ని కత్తిరించి వదిలేసేవారు. ఆ పద్ధతికి చాక్కు అని పేరు. ఆ ఉన్ని రాజవంశానికే చెల్లు. స్పెయిన్ వారు వచ్చాక తుపాకి వచ్చింది. బతికిన జంతువు నుంచి తీయవలసిన ఉన్నిని చంపి తీయసాగారు. 1825లో బొలీవర్ చంపడాన్ని నిషేధించినా ఆగలేదు. 1960ల నాటికి పెరూలో కొన్ని వేలు మాత్రమే మిగిలాయి.

అప్పుడు పెరూ ప్రభుత్వం 1967లో పంపా గలేరాస్ రక్షిత ప్రాంతాన్ని యేర్పాటు చేసింది. 1979లో ఆండీస్ దేశాలు ఉమ్మడి ఒప్పందం చేసుకున్నాయి. కాని మా దృష్టిలో అసలు మలుపు వేరు. పెరూలో కొండ ఊళ్ళ రైతు సంఘాలకే ఆ మందల సంరక్షణనూ, 1995 చట్టంతో ప్రాణంతో వున్న జంతువు ఉన్నిపై హక్కునూ యిచ్చారు. చచ్చిన వికూన్యా వల్ల ఊరికి నష్టం, బతికినదాని వల్ల లాభం అయింది. 2012 లెక్కల్లో పెరూలోనే 2 లక్షలు దాటాయి. ఇప్పటికీ దొంగ వేట పూర్తిగా పోలేదు.

రాబడి సంగతి కూడా చెప్పాలి. రెండేళ్ళకొకసారి ఒక జంతువుకు దొరికేది పావు కిలో లోపు ఉన్ని. ఊరికి కిలోకు ముట్టేది కొన్ని వందల డాలర్లు. ఆ ఉన్నితో అల్లిన ఒక్క స్వెటర్ విదేశీ దుకాణంలో వేల డాలర్లు పలుకుతుంది. చలిలో కొండలెక్కి వలయం కట్టినవారికి చేరే వాటా యెంతో, మధ్యదళారులను చూసిన పాల ఉత్పత్తిదారుకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక జబ్బు సంగతి. గజ్జి పురుగు చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. దురద, పొక్కులు, పగుళ్ళు, మందమైన పెచ్చులు వస్తాయి. కాళ్ళకు పాకితే నడవలేదు, మేయలేదు. ఉన్ని రాలిపోతే చలికి ఆగలేదు. ఇది పాత శత్రువే. 1544-45లో పెరూను చుట్టిన గజ్జికి మందల్లో మూడింట రెండు వంతులు పోయాయని గార్సిలాసో దె లా వేగా అనే చరిత్రకారుడు రాశాడు.

మన కాలంలో అర్జెంటీనాలోని శాన్ గియెర్మో జాతీయ ఉద్యానంలో 2014లో గజ్జి కనిపించింది. కొన్నేళ్ళలోనే అక్కడి వికూన్యాలు, గ్వానాకోలు పదింట తొమ్మిది వంతులకు పైగా అంతరించాయి. మేసే నోరు లేక మైదానంలో గడ్డి యెదిగింది. కళేబరాల మీద బతికే కాండర్ రాబందులు ఆ చోటు వదిలిపోయాయి. ఆ చుట్టుపక్కలకు పెంపకం కోసం తెచ్చిన లామాలతో యీ పురుగు వచ్చి వుండవచ్చని పరిశోధకుల గట్టి అనుమానం. కొత్త పశువును తెచ్చినప్పుడు కొంతకాలం మందకు దూరంగా కట్టాలని మనం తరచు చెప్పుకునే మాట, అక్కడ పాటించి వుంటే!

చాక్కులో కూడా జాగ్రత్త అవసరమే. వందల జంతువులు ఒకే దడిలో ఒరుసుకుంటాయి, పురుగు ఒకదాని నుంచి ఒకదానికి పాకుతుంది. అందుచేత గజ్జి వున్నవాటిని విడదీసి, ఐవర్‌మెక్టిన్ సూది వేయాలి. అయితే ఆ మందు పురుగును చంపుతుంది గాని గుడ్లను చంపదు. గుడ్లు పొదిగాక, సుమారు రెండు వారాలకు మళ్ళీ వేయాలి. మన గేదె సాయంత్రానికి కొట్టానికి వస్తుంది గనుక రెండో సూది కష్టం కాదు. వికూన్యా దడి దాటగానే కొండెక్కుతుంది. మళ్ళీ చేతికి చిక్కేది రాబోయే చాక్కుకే.