ట్రక్కుపై యాంటెన్నా

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో దూరప్రాంతాలకు సరుకు చేరవేసేవి పద్దెనిమిది చక్రాల సెమీ ట్రక్కులు. ముందు ఇంజనూ, డ్రైవరు గదీ ఉండే ట్రాక్టరు. దాని వెనుక సాధారణంగా 53 అడుగుల పొడవుండే సరుకు పెట్టె. ఈ వాహనాలు సాగే వయోమింగ్‌లోని 80వ అంతర్రాష్ట్ర రహదారి శీతాకాలంలో మంచు తుపానుల వల్ల తరచుగా మూతపడుతుంది. నెవాడా ఎడారి మార్గాలలో సెల్‌ఫోను సంకేతం అందని చోట్లు నేటికీ ఉన్నాయి. అక్కడ ఒంటరిగా చిక్కుకొన్న డ్రైవరుకు రేడియో గొప్ప ఆసరా.

ట్రక్కు డ్రైవర్లకు చిరపరిచితమైనది సిటిజన్స్ బ్యాండ్ రేడియో. 1973 నాటి చమురు సంక్షోభంలో, డీజిలు ఎక్కడ దొరుకుతుందో ఒకరికొకరు చెప్పుకోవడానికి అది బాగా వ్యాపించింది. దానికి పరీక్ష అక్కరలేదు, కాని ఎ.ఎం. ప్రసారంలో దాని శక్తి 4 వాట్లకు మించరాదు. అంతకంటె దూరం మాట్లాడగోరేవారు పరీక్ష రాసి అమెచ్యూర్ రేడియో లైసెన్సు పొందుతారు. వీరినే హామ్‌లు అంటారు. మన దేశపు హామ్‌ల గుర్తింపు సంకేతాలు వి.యు. అనే అక్షరాలతో మొదలవుతాయి. హామ్ రేడియోను వ్యాపారానికి వాడరాదు. సరుకు ఎక్కడ దించాలో యజమానిని అడగడానికి అది పనికిరాదు. ఆపదలో సహాయం కోరడానికీ, నిద్ర పట్టని రాత్రి ఎవరితోనైనా ముచ్చటించడానికీ పనికివస్తుంది.

యాంటెన్నా పొడవును నిర్ణయించేది తరంగదైర్ఘ్యం. 300ను మెగాహెర్ట్జ్‌లలోని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. 146 మెగాహెర్ట్జ్‌ల వద్ద అది సుమారు 2 మీటర్లు. అందులో నాలుగవ వంతు, అంటే అర మీటరు కడ్డీ సరిపోతుంది. కొండలపై నెలకొల్పిన రిపీటర్లు ఈ సంకేతాన్ని అందుకొని తిరిగి ప్రసారం చేస్తాయి. రిపీటర్లు లేని ఎడారిలో మాత్రం ఐనో ఆవరణం నుంచి వెనుదిరిగి వందల మైళ్ళ అవతల దిగే తరంగాలు కావాలి. 14 మెగాహెర్ట్జ్‌ల తరంగాలు అటువంటివి. వాటికి 5 మీటర్ల కడ్డీ అవసరం. అనేక రాష్ట్రాలలో వాహనానికి అనుమతించిన ఎత్తే పదమూడున్నర అడుగులు, అంటే సుమారు 4.1 మీటర్లు!

అందుచేత కడ్డీని కురచచేసి, దానికి తీగచుట్టను జతచేస్తారు. కురచ కడ్డీ కెపాసిటరువలె ప్రవర్తిస్తుంది; చుట్టలోని ప్రేరకత్వం ఆ లోపాన్ని సరిదిద్దుతుంది. అయితే శక్తిలో కొంత భాగం చుట్టలోనే వేడిగా మారిపోతుంది. కడ్డీ ఎంత కురచైతే నష్టం అంత ఎక్కువ. దళసరి తీగతో చుట్టిన పెద్ద చుట్ట చూపులకు మోటుగా ఉన్నా పనిలో మిన్న.

ఇంత చేసినా, కంటికి కనబడే కడ్డీ యాంటెన్నాలో సగమే. దాని కింద ఉండే లోహపు తలం రెండవ సగం. కారుకు ఉక్కు పైకప్పు ఉంటుంది కనుక అయస్కాంతపు పీఠం అతికిస్తే చాలు. ట్రక్కులో ఆ సౌకర్యం లేదు. బానెట్టు, పైకప్పు మీది తొడుగు ఫైబర్‌గ్లాసుతో చేసినవి. చాలా ట్రక్కులలో డ్రైవరు గది అల్యూమినియంది. ఈ రెండింటికీ అయస్కాంతం అంటుకోదు. రంధ్రం చేద్దామంటే ట్రక్కు తరచుగా కంపెనీది. ఇక మిగిలింది పక్క అద్దాలను పట్టి ఉంచే లోహపు ఊచలు. బిగింపు పట్టీతో కడ్డీని వాటికి అమర్చవచ్చు. చాలామంది అంతటితో ఆగిపోయి, ఖరీదైన యాంటెన్నా పనిచేయడం లేదని వాపోతారు. తలుపుకూ ఊచకూ మధ్య ప్లాస్టిక్ బిళ్ళలు ఉండవచ్చు. తలుపు కీళ్ళలో గ్రీజు, తుప్పు ఉంటాయి. ఊచ నుంచి తలుపుకూ, తలుపు నుంచి గదికీ, అక్కడి నుంచి ఛాసిస్‌కూ అల్లిన రాగి పట్టీలు వెడల్పుగా, పొట్టిగా బిగిస్తేనే ఆ రెండవ సగం ఏర్పడుతుంది.

సిటిజన్స్ బ్యాండ్ వాడేవారు రెండు అద్దాలకూ రెండు కడ్డీలు కట్టడం చూసి కొందరు హామ్‌లూ అదే పద్ధతిని అనుసరిస్తారు. 27 మెగాహెర్ట్జ్‌ల వద్ద అద్దాల మధ్య దూరం పావు తరంగదైర్ఘ్యానికి దగ్గరగా ఉంటుంది కనుక అది కొంత ఫలిస్తుంది. 146 వద్ద ఆ దూరం ఒక తరంగదైర్ఘ్యాన్ని మించుతుంది. అప్పుడు రెండు కడ్డీల తరంగాలు కొన్ని దిశలలో ఒకదానినొకటి రద్దుచేసుకొంటాయి. ఒకే కడ్డీ మేలు.

అమరిక పూర్తయ్యాక స్థిర తరంగాల నిష్పత్తిని మీటరుతో కొలవాలి. అది 2 లోపు ఉంటే ప్రసారిణికి క్షేమం. కాని ఈ అంకెను చూసి మురిసిపోరాదు. యాంటెన్నాకు బదులు 50 ఓముల నిరోధకాన్ని తగిలించినా మీటరు 1నే చూపుతుంది. ఆ నిరోధకం మాత్రం మాటను గాలిలోకి పంపదు. దూరాన ఉన్న మరొక హామ్‌ను పిలిచి, ఎలా వినబడుతోందో అడగడమే సరైన పరీక్ష.

కడ్డీ కొన నేల నుంచి ఎంత ఎత్తున ఉందో కొలిచి, అడుగున స్ప్రింగు అమర్చుకోవాలి. కేబులును తలుపు అంచున నలగనీయక, లోపలికి వచ్చేముందు కిందికి ఒక వంపు తిప్పితే వాననీరు ఆ వంపు దగ్గరే జారిపోతుంది.