బిడ్డకు అకార్డియను కొనునపుడు

హార్మోనియమును మీరెఱుగుదురు. అకార్డియను దానికి జ్ఞాతి. 1829లో వియన్నా నగరమున సిరిల్ డేమియన్ ఆ పేరుగల వాద్యమునకు పేటెంటు పొందెను. రెంటను తిత్తిగాలికి లోహపు రేకులు కంపించి నాదమిచ్చును. అయితే అకార్డియనును భుజములకు తగిలించుకొని వాయింపవలెను.

కావున మనుమడు కోరెనని, వెల తక్కువకు దొరకెనని, పెద్దవాద్యమును కొనరాదు. కుడిచేతికి 41 మెట్లు, ఎడమచేతికి 120 బొత్తాములు గల నిండువాద్యము సుమారు 10 కిలోలు తూగును. పసివానికి 8 లేక 12 బొత్తాములది చాలును.

పాతదైనను కొనవచ్చును, పరీక్షింపక కొనరాదు. తిత్తి పట్టీలు విప్పి, ఏ మెట్టును నొక్కక, ఒక ప్రక్కను పట్టి పైకెత్తుడు. రెండవ ప్రక్క వడిగా క్రిందికి జాఱినచో గాలి కాఱుచున్నదని యెఱుగుడు. పిమ్మట ప్రతి మెట్టును తిత్తి చాచునపుడొకమాఱు, మూయునపుడొకమాఱు పలికించుడు. రెంటికిని రేకులు వేఱు. స్వరము మాత్ర మొకటే కావలెను. పెక్కు వాద్యములలో రేకులను మైనముతో నతికింతురు గావున, కొన్నపిదప ఎండ తగులనీయకుడు.

గాలి నిలువని వాద్యముతో పెనగులాడిన బిడ్డ, లోపము తనదే యనుకొని సంగీతమునే విడిచిపెట్టును. వెలలో మిగిలిన రూపాయలు ఆ నష్టమును తీర్పజాలవు.