భోగిపళ్ల నుంచి అక్షరాభ్యాసం వరకు: పసిపిల్లల వేడుకల చుట్టూ అపోహలు, వాస్తవాలు

విజయనగరం జిల్లా భోగాపురం ప్రాంతంలో పసిబిడ్డ ఉన్న ఇంట ఏడాది పొడవునా రెండు వరుసల వేడుకలు ఒకదానిలో ఒకటి కలిసి సాగుతాయి. పురుడు, బారసాల, అన్నప్రాశన, పుట్టువెంట్రుకలు, చెవులు కుట్టించడం, అక్షరాభ్యాసం బిడ్డ వయసును బట్టి వచ్చేవి. భోగి, పెద్దపండుగ, కనుమ, దీపావళి, నాగులచవితి పంచాంగాన్ని బట్టి వచ్చేవి. పెద్దపండుగ అంటే సంక్రాంతి. గతించిన పెద్దలకు కొత్తబట్టలు పెట్టి, వారిని తలుచుకున్నాకే ఇంట్లోవారు తమవి కట్టుకోవడం ఉత్తరాంధ్ర ఇళ్లలో ఆనవాయితీ. ముక్కాం వంటి తీరగ్రామాల మత్స్యకార కుటుంబాలలోనూ, కొబ్బరి, జీడిమామిడి తోటల నడుమ ఉన్న రైతు కుటుంబాలలోనూ, ఉద్యోగాలకు విశాఖపట్నం, హైదరాబాదు వెళ్లి పండుగకు మాత్రమే ఊరు చేరే యువదంపతులలోనూ ఈ వేడుకల తీరు కొంత మారినా, వాటి చుట్టూ అల్లుకున్న నమ్మకాలు చాలావరకు ఒక్కటే.

వీటిలో తప్పుదారి పట్టించేవి రెండు తరగతులుగా కనిపిస్తాయి. మొదటివి తరతరాలుగా నోటిమాటగా వచ్చినవి. తేనె నాకించడం, ముక్కులో నూనెచుక్కలు వేయడం వంటి, బిడ్డ ఒంటిమీద చేసే పనులను వేడుకలో విడదీయరాని భాగాలుగా భావించేవి. రెండవవి ఇటీవలివి, ప్రతి ఆచారం వెనుకా ‘సైన్సు’ ఉందని చెబుతూ పండుగ ముందురోజు ఫోన్లలో తిరిగే సందేశాలలోనివి. ఈ రెండో తరగతి ఆచారాన్ని నిలబెడుతున్నట్టు కనిపించినా నిజానికి దానికి లేని భారాన్ని మోపుతుంది: చుట్టపక్కాలు చేరి బిడ్డను దీవించే సందర్భాన్ని మందుగానో, బిడ్డకు పెట్టే పరీక్షగానో మారుస్తుంది. హాని సాధారణంగా ఈ మార్పుతోనే మొదలవుతుంది.

భోగిపళ్లు, భోగిమంట

భోగినాటి సాయంత్రం అయిదేళ్లలోపు పిల్లలను పీటమీద కూర్చోబెట్టి, రేగుపళ్లు, నానబెట్టిన శనగలు, చెరుకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర నాణేలు కలిపి, పేరంటాళ్లు దోసిళ్లతో తలచుట్టూ తిప్పి తలమీద పోస్తారు. దిష్టి తీయడం, దీవించడం దీని ఉద్దేశం. రేగుపండు బదరీఫలమని, నారాయణునికి ప్రీతిపాత్రమని చెప్పే సంప్రదాయ వివరణ భక్తికి సంబంధించినది కనుక దానిని ప్రయోగశాలలో తేల్చవలసిన పని లేదు. తేల్చవలసింది కొత్తగా చేరిన మాటలను: తలమీద పడిన రేగుపళ్లు మాడులోని బ్రహ్మరంధ్రాన్ని తాకి మెదడు నరాలను చురుకు చేస్తాయనీ, వాటిలోని పోషకాలు చర్మం గుండా ఇంకి చలికాలపు జబ్బులను ఆపుతాయనీ చెప్పే వివరణను.

మాడు అంటే పసిబిడ్డ తలపై మెత్తగా తగిలే చోటు; పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోని ఆ ఖాళీని దళసరి పొర ఒకటి కప్పి ఉంచుతుంది. మెదడు వేగంగా పెరిగే కాలంలో పుర్రె దానికి అనుగుణంగా విస్తరించడానికి వీలుగా ఉండే ఈ చోటు, ఎముకలు పెరిగేకొద్దీ సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర వయసుకు మూసుకుంటుంది. పండు తగిలినా, రోజూ లాల పోసేటప్పుడు ఆముదం పెట్టినా ఆ మూసుకోవడంలో ముందువెనుకలు రావు, మెదడు పనితీరులో తేడా రాదు. అయితే ఆ చోటు ఎత్తుగా ఉబ్బినా, లోపలికి బాగా గుంటపడినా అది వైద్యుడికి చూపించవలసిన సూచన. గుంటపడటం ఒంట్లో నీరు తగ్గినదానికి గుర్తు కావచ్చు. రేగుపండులో విటమిన్ సి సమృద్ధిగా ఉన్నమాట నిజమే కానీ, అది తిన్నవారికే దక్కుతుంది.

ఈ వేడుకలో పెద్దలు నిజంగా కనిపెట్టి ఉండవలసిన ప్రమాదం తలమీద కాదు, నోటిలో ఉంది. రేగుగింజ, శనగ, చెరుకు ముక్క, రూపాయి నాణెం అన్నీ పసివాడి శ్వాసమార్గానికి సరిగ్గా అడ్డుపడగల పరిమాణంలో ఉంటాయి. నమిలే దంతాలు పూర్తిగా రాని, దొరికిందల్లా నోట పెట్టుకునే వయసు పిల్లల ఒడిలో వాటినే కుప్పపోస్తారు. ఏడాది నిండని బిడ్డకు పూలరేకులు, అక్షతలు మాత్రమే పోసి, మిగిలినవి పక్కన పళ్లెంలో ఉంచితే ఆచారానికి వచ్చే లోటు ఏమీ లేదు.

తెల్లవారుజామున వేసే భోగిమంట గురించి మరొక ప్రచారం ఉంది: ఆవుపిడకలు, నెయ్యి కాలినప్పుడు ప్రాణవాయువు పుడుతుందనీ, ఆ పొగ గాలిని శుద్ధి చేస్తుందనీ. మంట ఏదైనా ప్రాణవాయువును వాడుకునేదే తప్ప పుట్టించేది కాదు. పిడకల పొగలోనూ కట్టెల పొగలోనూ ఊపిరితిత్తుల లోతుకు చేరగల సూక్ష్మధూళి ఉంటుంది. పైగా జనవరి వేకువన నేలను ఆనుకున్న గాలి చల్లగా, దానిపై గాలి వెచ్చగా ఉండటం వల్ల పొగ పైకి లేవక వీధిలోనే నిలుస్తుంది. పెద్దవారు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తే నెలల బిడ్డ 30 నుంచి 60 సార్లు తీస్తుంది; శరీర బరువుతో పోల్చి చూస్తే బిడ్డ పీల్చే పొగ ఎక్కువ. పిల్లలే తట్టి ఎండబెట్టి దండ గుచ్చిన పిడకలను వారి చేతనే మంటలో వేయించడం అందమైన ఆచారం. నెలల బిడ్డను గాలివాలుకు ఎదురుగా దూరంగా ఎత్తుకుని చూపితే సరిపోతుంది. పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు మంటలో వేయడం మాత్రం ఏ ఆచారమూ చెప్పలేదు. ఇదే పొగను గదిలోకి తెచ్చినట్టయ్యే స్నానానంతరపు సాంబ్రాణి ధూపానికీ, బిడ్డను పొగకు దూరంగా ఉంచాలన్న మాటే వర్తిస్తుంది.

అన్నప్రాశన: నెలల లెక్క

మగబిడ్డకు సరి నెలలో, ఆడబిడ్డకు బేసి నెలలో అన్నం ముట్టించాలన్నది వాడుక. ఆచరణలో అది అబ్బాయికి ఆరో నెల, అమ్మాయికి అయిదో నెల లేదా ఏడో నెల అవుతుంది. బిడ్డకు ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కరలేదని, ఆ తర్వాత పాలు కొనసాగిస్తూనే మెత్తని ఆహారం మొదలుపెట్టాలని 2001 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది. ఆచారానికీ సిఫారసుకూ పొంతన లేదని చాలామంది అనుకుంటారు కానీ, చిక్కు ఎక్కువగా లెక్కపెట్టే పద్ధతిలోనే ఉంది. ‘ఆరో నెల’ అంటే నడుస్తున్న నెల అయినప్పుడు బిడ్డకు నిండినవి అయిదు నెలలే. ‘ఏడో నెల’ నడుస్తున్నదంటే సరిగ్గా ఆరు నిండినట్టు. ఈ లెక్కన ఏడో నెలలో అన్నప్రాశన జరిగే ఆడబిడ్డకు సమయం చక్కగా కుదురుతుంది, ఆరో నెలలో జరిగే మగబిడ్డకు నెల ముందుకు జరుగుతుంది. ముహూర్తం ఆరో నెలలోనే పడితే ఆనాడు పరమాన్నం పెదవికి తాకించి, రోజువారీ తిండిని ఆరు నిండాక మొదలుపెట్టడానికి ఏ శాస్త్రమూ అడ్డురాదు. ఎనిమిదో నెల దాకా వాయిదా వేయడం మాత్రం తగదు. ఆరు నెలల తర్వాత తల్లిపాలలోని ఇనుము బిడ్డ అవసరానికి చాలదు.

ఈ వేడుకలోనూ, అంతకుముందు బారసాలలోనూ బిడ్డ నాలుకకు తేనె రాయడం మేలనే నమ్మకం అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసినది. తేనెలో క్లాస్ట్రిడియం బోటులినం అనే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. పెద్దల పేగులలో అవి మొలకెత్తవు కానీ, ఏడాదిలోపు బిడ్డ పేగులలో మొలకెత్తి, కండరాలను చచ్చుపరిచే విషాన్ని విడుదల చేయగలవు. అది అరుదే అయినా ప్రాణాంతకం కాగలదు. మాట త్వరగా వస్తుందని వసకొమ్ము అరగదీసి నాకించడం వల్ల వాంతులు, మగత వచ్చే అవకాశం ఉంది. మాటకు దానితో సంబంధం లేదు. పుస్తకం, కలం, కత్తి, బంగారం ముందు పెట్టి బిడ్డ దేనిని పట్టుకుంటే ఆ వృత్తి అని చెప్పే సరదాలో హాని లేదు, జోస్యమూ లేదు. ఆ వయసు చెయ్యి దగ్గరగా ఉన్నదాని మీదికో మెరిసేదాని మీదికో పోతుంది. కత్తిని మాత్రం పీటమీదికి రానీయకపోవడం మంచిది.

బొబ్బట్లు, అరిసెలు, ఆలస్యాలు

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు, మాటలు వస్తే పంచదార చిలకలు పంచే తెలుగువారి వాడుక, ఎదుగుదలను గమనించి గుర్తుంచుకోవడానికి ఏర్పడిన మంచి సాధనం. దానిలోని ప్రతి మెట్టుకూ ఒక నిర్ణీత నెల ఉందనుకోవడం, పక్కింటి బిడ్డ అరిసెలు ముందుగా వచ్చాయని కలతపడటం తర్వాత చేరినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంతో సహా అయిదు దేశాలలో ఆరోగ్యవంతులైన పిల్లలను గమనించి 2006లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. స్వయంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. ఆ పిల్లలలో సుమారు 4 శాతం మంది చేతులు, మోకాళ్లపై పాకకుండానే నడకకు వెళ్లారు. అంటే తొమ్మిదో నెలలో నడిచిన బిడ్డా, పదహారో నెలలో నడిచిన బిడ్డా ఇద్దరూ మామూలు పిల్లలే.

నడక త్వరగా రావాలని కొనే చక్రాల వాకర్ ఆ పని చేయదు. బిడ్డ అందులో కూర్చుని మునివేళ్లతో నేలను తోస్తుంది తప్ప నిలబడి తూకం నేర్చుకోదు. గడప దగ్గర తిరగబడే, మెట్ల మీంచి దొర్లే ప్రమాదం అదనం. ఈ కారణంగానే కెనడా 2004లో వాటి అమ్మకాన్ని నిషేధించింది. బిడ్డ నిలబడి తోసుకుంటూ పోయే పాతకాలపు కర్ర నడకబండి ఇంతకంటే నయం, పక్కన పెద్దలు ఉన్నంతవరకు.

మాట విషయంలో అపోహ తిరగబడి ఉంటుంది: నడక ఆలస్యానికి కంగారుపడే ఇళ్లే మాట ఆలస్యాన్ని ‘వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చింది’ అని తోసేస్తాయి. ఏడాదిన్నర నాటికి ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపలేకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా మొదట వినికిడి పరీక్ష చేయించాలి. వినబడని బిడ్డకు మాట రాదు, ఆలస్యమైన ప్రతి నెలా విలువైనదే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్యబృందాలు అంగన్‌వాడీలలో ఏడాదికి రెండుసార్లు పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లాస్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపే ఏర్పాటు ఉంది. తల్లికి ఇచ్చే మాతాశిశు సంరక్షణ కార్డులోనూ ఎదుగుదల మెట్లు బొమ్మలతో ఉంటాయి. టీకాల తేదీలకు తప్ప దానిని తెరవని ఇళ్లే ఎక్కువ.

పళ్లు వచ్చేటప్పుడు గట్టి జ్వరం, విరేచనాలు సహజమనే మాట కూడా ఇటువంటిదే. పళ్లు మొలిచే ఆరేడు నెలల వయసులోనే తల్లినుంచి వచ్చిన రోగనిరోధకత తగ్గుతుంది, బిడ్డ ప్రతిదీ నోట పెట్టుకుంటుంది. జబ్బుకు కారణం అదే, పంటికి అంటగట్టి ఓఆర్‌ఎస్ ఇవ్వకుండా కూర్చోవడం ప్రమాదం.

గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్నది నిజం కాదు. వెంట్రుక మందం చర్మం కింది కుదురులో నిర్ణయమవుతుంది; కోసిన కొన మొండిగా ఉండటం వల్ల ఒత్తుగా తోస్తుంది, అంతే. గడ్డం గీయడంపై 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ చేసిన అధ్యయనం ఈ సంగతి చూపింది. సింహాచలంలోనో తిరుపతిలోనో మొక్కుగా తీయించే పుట్టువెంట్రుకలకు ఈ కారణం అవసరమూ లేదు.

పుట్ట, పాలు, కుట్టిన చెవులు

దీపావళి తర్వాత కార్తీక శుద్ధ చవితినాడు పిల్లలను వెంటబెట్టుకుని తోటలోని పుట్టకు పోయి, చలిమిడి, చిమ్మిలి నివేదించి పాలు పోస్తారు. చిమ్మిలి అంటే నువ్వులు, బెల్లం కలిపి దంచినది. పాలు పాముకు ఆహారం కాదు. అది వేటాడి తినే జీవి, పాలను జీర్ణించుకోలేదు. పుట్ట కట్టినవి చెదలు, పాము అందులో చేరిన అద్దెదారు మాత్రమే. పూజను పూజగా చేసుకుని, పాలు నాలుగు చుక్కలతో సరిపెట్టి, కన్నాలలో చెయ్యి పెట్టనీయకుండా చూసుకోవడం చాలు. పొరపాటున కాటుపడితే గాయాన్ని కోయడం, బిగించి కట్టడం, మంత్రం కోసం ఆగడం తప్పు. కాలో చెయ్యో కదలనీయకుండా, విషానికి విరుగుడు మందు ఉండే ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి.

ఆ రోజున పుట్టమన్ను చెవులకు రాస్తే చెవిపోటు, చీము రావన్న నమ్మకం, చెవులు కుట్టించిన పసిబిడ్డ విషయంలో ఊరుకోదగినది కాదు. మట్టిలో ధనుర్వాతం కలిగించే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి, మానని కన్నం వాటికి దారి. పుట్టిన 6, 10, 14 వారాలకు ఇచ్చే పెంటావాలెంట్ టీకాలో ధనుర్వాత రక్షణ ఉంది కనుక, బారసాలనాడు తొందరపడకుండా ఆ మూడు మోతాదులూ పూర్తయ్యాక, శుభ్రమైన సూదితో కుట్టించడం క్షేమం. చెవిలోకి నూనె పోయడం, ముక్కులో చుక్కలు వేయడం మానుకోవాలి. ముక్కు నుంచి ఊపిరితిత్తులలోకి జారిన నూనె న్యుమోనియా తెస్తుంది. కాటుకను కంటిలో కాక దిష్టిచుక్కగా అరికాలిలోనో చెంపమీదనో పెట్టడం నయమే కానీ, సీసం కలిసిన కాటుక చెంపమీదినుంచి చేతికి, చేతినుంచి నోటికి చేరుతుంది. పిల్లలకు ఇంత సీసమైతే ఫరవాలేదని చెప్పదగిన మోతాదు లేదు.

దీపావళి సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. 2018 అక్టోబరు 23 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వాడుకలోకి వచ్చిన హరిత టపాకాయలు పొగలేనివి కావు, సుమారు 30 శాతం తక్కువ పొగవి. చిన్నపిల్లల చేతికి నిర్భయంగా ఇచ్చే కాకరపువ్వొత్తి కొన వెయ్యి డిగ్రీల వేడికి చేరగలదు. కాలితే సిరా, టూత్‌పేస్టు, కాఫీపొడి పూయకుండా 20 నిమిషాల పాటు కుళాయినీటి కింద ఉంచాలి.

అక్షరాభ్యాసం

శ్రీపంచమినాడు పళ్లెంలో బియ్యం పోసి, పెద్దలు బిడ్డ వేలు పట్టి దిద్దించే అక్షరం చదువుకు ఆహ్వానమే తప్ప రాతకు ఆరంభం కాదు. మూడో ఏట అక్షరాభ్యాసం జరిగింది కనుక మర్నాటినుంచి పలకమీద గంటల తరబడి దిద్దించాలనుకోవడం కొత్త తరం తల్లిదండ్రుల తొందర. మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకలు పుట్టినప్పుడు మృదులాస్థిగా, అంటే మెత్తని ఎముకగా ఉండి, తర్వాతి ఏళ్లలో ఒకదాని వెంట ఒకటి గట్టిపడతాయి. వేళ్ల పట్టు అందుకు తగ్గట్టే కుదురుతుంది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఆరేళ్ల వయసును ఆటపాటలతో నేర్చుకునే దశగానూ, ఆరేళ్లను ఒకటో తరగతి వయసుగానూ నిర్దేశించింది. ఆలోగా అంగన్‌వాడీలో మట్టి పిసకడం, గింజలు ఏరడం, పూసలు గుచ్చడం చేసే బిడ్డ, పెన్సిలు పట్టడానికి కావలసిన సాధనే చేస్తున్నది.